మూడో వంతెన కింద రాళ్ళను కదపవద్దని

నది పనుల పెద్ద ఇంజనీరు గారి సముఖమునకు, నీటి పరీక్షాశాలలో నమూనాలు సేకరించు ఉద్యోగిని వ్రాసుకొన్న అర్జీ.

విషయం: మూడో వంతెన దిగువన నది అడుగు రాళ్ళు తీసివేసి కాంక్రీటు పరచు పనిని తక్షణం నిలుపుట గురించి.

అయ్యా,

1. పందొమ్మిదేళ్ళుగా ప్రతి నెలా నదిలో దిగి, రాళ్ళు తిరగేసి, వాటి కింది పురుగులను తెల్ల పళ్ళెంలో వేసి లెక్కించుట నా విధి. సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతే చెప్పును. పురుగులు ఏడాది సంగతి చెప్పును.

2. ఎగువన కొండ పక్క, చెట్ల నీడలో నీరు చల్లగా, వడిగా పారును. అక్కడ పదిహేడు రకాల పురుగులున్నవి. మూడో వంతెన కింద మాత్రం గట్లు బోడివై, పొలాల మట్టి రాళ్ళ సందుల్లో పూడి, ఎర్ర పురుగులూ జలగలూ తప్ప మరేమీ ఉండేవి కావు. ఎనిమిదేళ్ళ క్రితం తమ శాఖే ఆ గట్ల మీద చెట్లు నాటించి, నీటికి అడ్డంగా ఉన్న పాత గోడ తీయించినది. అందుకు దణ్ణం.

3. మొన్న మంగళవారం ఉదయం పది గంటలకు అదే చోట ఒక రాయి తిరగేయగా రాతిపురుగు కనబడినది. రెండు తోకలు. అయ్యా, రెండు తోకలు! చల్లగా, శుభ్రంగా పారే నీళ్ళలో తప్ప బతకనిది! ఇంకో రాయి ఎత్తితిని. ఇంకోటి! మొత్తం పదకొండు. ఆనందం పట్టలేక వెనక్కి పడి, మెడదాకా తడిసి, గట్టెక్కి మా ఆడపడుచుకు ఫోను చేసి, "వచ్చేశాయ్! పదకొండు!" అని అరిచితిని.

"నొప్పులా? ఎవరికి వదినా? ఏ ఆసుపత్రి?" అని ఆమె కంగారుపడినది.

4. అంతలో పొక్లెయిన్ గట్టు దిగి వచ్చినది.

"అమ్మా, పక్కకి జరగండి. సాయంత్రానికి ఇదంతా చదును చెయ్యాలి. పెద్దసారు ఆర్డరు," అన్నాడు డ్రైవరు.

"ముందు దిగి ఇది చూడు నాయనా."

దిగి పళ్ళెంలోకి వంగినాడు. "ఇదేంటమ్మా, దండీలు తీస్తోంది!"

"ఊపిరాడక. పళ్ళెంలో నీళ్ళు పారవు కదా. నువ్వు రాళ్ళు తీసేస్తే నదంతా ఇంతే. నీళ్ళలో గాలి కలవదు, దాక్కోడానికి సందుండదు."

"అయ్యో, చచ్చిపోతుందేమో!" అంటూ ఆ మనిషి బూట్లతోనే నీళ్ళలోకి ఉరికి పళ్ళెం మెల్లగా వంచేశాడు. తరువాత తాళంచెవి జేబులో వేసుకుని, "ఇంజను స్టార్టవట్లేదు" అని సూపర్‌వైజరుకు ఫోను చేసినాడు. రెండు రోజులుగా స్టార్టవట్లేదు. ఇది తమకు చెప్పవలసినది కాదు. సంతోషంలో నోరు జారితిని.

5. కావున తమరు స్వయముగా వచ్చి, ఒక్క రాయి ఎత్తి చూడవలెను. ఆపైన తమరు ఏ ఉత్తర్వు ఇచ్చినా శిరసావహింతును. కాదు, కాంక్రీటే అంటే శిరసావహించను. ఏమీ అనుకోకండి.

ఈ నాలుగు మాటలూ చిత్తగించవలెను. రేపు కాదు, ఇవాళే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నమూనాల ఉద్యోగిని

తా.క.: అయ్యా, ఈ కాగితం పట్టుకుని మీ గది బయట గంట నుంచీ కూర్చున్నాను. ఇంజను సంగతేమిటో చూస్తానని మీరు నది దగ్గరికే వెళ్ళారని మీ అటెండరు ఇప్పుడు చెప్పాడు. వెంటనే డ్రైవరుకు ఫోను చేశాను.

"నేనే ఒక రాయి ఎత్తి సారుకు చూపించానమ్మా. ఇప్పుడు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని నీళ్ళలో ఉన్నారు. పన్నెండోది దొరికింది! కాంక్రీటు లారీలను వెనక్కి పంపించేశారు. మేం గట్టిగా మాట్లాడినా కసురుతున్నారు, పురుగులు బెదిరిపోతాయంట!"

అయ్యా, ఎత్తిన రాయిని మునుపున్నట్టే, అదే చోట బోర్లించండి. నేనొచ్చేదాకా పదమూడోది వెతక్కండి. ఆటో ఎక్కేశాను.