పడమటి గోడకి వచ్చిన రోగం

పాలకొల్లు,
వికారి నామ సంవత్సర చైత్ర బహుళ దశమి, 1899.

మహారాజశ్రీ బావగారు దొరబాబు గారి సముఖానికి బావమరిది అబ్బులు చేసుకొనే నమస్కారాలు. ఇక్కడ మనుషులందరం క్షేమం. గోడలు క్షేమంగా లేవని మీరు రాశారు గనుక వాటి సంగతి కింద విన్నవించుకుంటున్నాను.

మీ మేడకి బయటవైపు చేయించాల్సిన మరమ్మతులంటూ రాజమహేంద్రవరంలో ఓవర్సీరు చేత రాయించి పంపిన కాగితం అందింది. ఉగాదికి వచ్చి నాలుగు రోజులున్న మీకు ఇన్ని లోపాలు కనిపించాయంటే కచేరీ వారు మీకు ఉద్యోగం ఊరికే ఇవ్వలేదు. నేను నాలుగో పుస్తకం దగ్గర ఆగినవాణ్ణి. అయినా చూసి అభిప్రాయం రాయమన్నారు గనుక రాస్తున్నాను. పోయినేడు మేడ మీద, దాన్ని మీ తాతగారికి అమ్మిన వలందా దొర, అదే ఆ డచ్చి దొర, దెయ్యమై నడుస్తున్నాడని నమ్మించి మిమ్మల్ని మూడు రోజులు మా ఇంట్లో పడుకోబెట్టిన మాట నిజమే. రాత్రిళ్ళు పైన టకటకలాడించిన వెదురుగడ నాదే. ఈసారి మాత్రం ప్రతి అక్షరం నిజం.

తాపీమేస్త్రీ యెహెజ్కేలుని పిలిపించాను. మిషను వారి గుడి కట్టినవాడు. సున్నం మోసే అతని భార్య దీనమ్మ కూడా వచ్చింది. మొదట కప్పు చూశాం. పెంకు తీసేసి రేకులు వెయ్యాలని మీ కాగితం. వేస్తే వేసవిలో లోపలున్నోళ్ళు నూనె లేకుండానే అప్పడాలైపోతారండి అన్నాడు యెహెజ్కేలు. పగిలినవి ఓ ముప్పై పెంకులు మారిస్తే మరో ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదట.

రెండోది వీధి అరుగులు. వాటిని పడగొట్టి ఇనప కమ్మీలు పాతాలని, అది దొంగల భయానికని రాశారు. బావగారూ, అబద్ధాలాడడం నా వృత్తి, మీరు అందులో వేలు పెట్టకండి. మీ అమ్మగారికి చూపు ఆనదని మీ ఆవిణ్ణి, అదే మా చెల్లెలు చిన్నమ్మాయిని, ఇక్కడే ఉంచారు. సాయంత్రమయ్యేసరికి ఎదురింటి అచ్చాయమ్మ గారు ఆ అరుగెక్కి, ఏమ్మా ఇంకా ఏమీ విశేషం లేదా అంటారు. పదకొండేళ్ళ బట్టీ ఇదే పాట. చెల్లెలు నవ్వుతూనే లోపలికి పోతుంది, తరవాత వంటింట్లో గిన్నెల చప్పుడు ఎక్కువవుతుంది. అది మీరూ విన్నారు, నేనూ విన్నాను. అందుకే అరుగు మీద మీకు కోపం. కానీ అరుగు తీసేస్తే ఆ నోరు వీధిలో ఆగదు. కమ్మీలు దాటుకుని తిన్నగా వంటింట్లోకే వస్తుంది. మీ తాతగారు వలందా దొర దగ్గర మేడ కొన్నాక తన చేతులతో చేర్పించినవి ఆ అరుగులొక్కటే. దారిన పోయేవాడు కూచోడానికి చోటులేని ఇల్లు ఇల్లు కాదన్నారట.

మూడోది పడమటి గోడ. దొడ్డి గుమ్మం పక్కన పూత రాలిపోతోంది, గోడంతా చెక్కేసి కొత్త సున్నం వెయ్యాలని మీరు రాశారు. ఇక్కడే మేస్త్రీ తల గోక్కున్నాడు. వానకైతే పైనుంచి రాలాలండి, చెమ్మకైతే కిందనుంచి ఎక్కాలండి, ఇదేంటండి సరిగ్గా నడుం ఎత్తులో జానెడు మేర పోయింది అన్నాడు. ఎలకలేమో అన్నాను. మూడడుగుల ఎత్తు ఎలకలు పాలకొల్లులో లేవండి, మీరు తప్ప అన్నాడు. కింద చూస్తే రాలిన పొడి చిటికెడు కూడా లేదు. రాలిన పూత నేలమీద పడకుండా ఎక్కడికి పోయినట్టు?

అప్పుడు దీనమ్మ తట్ట దించి వచ్చి గోడ తడిమింది. చెయ్యి వాసన చూసుకుంది. పైట నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఇది గోడకొచ్చిన రోగం కాదండి బాబుగారూ అంది. ఆ కాలంలో సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి గానుగాడించేవారటండి అని, మొగుడి చెవిలో ఇంకేదో చెప్పింది. యెహెజ్కేలు గునపం కిందపెట్టేసి, కార్తీకం దాటేదాకా ఈ ఇంటి మీద ఇనుం వెయ్యనండి అని లెంపలేసుకున్నాడు. మీకూ ఈ పట్టింపులేంట్రా అంటే, పాదిరిగారు అన్నీ మాన్పించారు గానీ ఈ ఒక్కటీ మానలేమండి అన్నాడు.

కనుక నా అభిప్రాయం: పెంకులు ఇప్పుడొద్దు, అరుగులు ఎప్పటికీ ముట్టుకోవద్దు, పడమటి గోడని దాని మానాన వదిలెయ్యండి. కారణం అడక్కండి. చెప్పనని చెల్లెలికి మాటిచ్చాను.

చిత్తగించవలెను.

మీ మాట ఎన్నడూ కాదనని, విననూ వినని
బావమరిది
అబ్బులు

సంతకం కింద:

ఉత్తరంలో ఒక్క ముక్క రాయనని చెల్లెలు నా చేత ఒట్టు వేయించుకుంది. ఉత్తరం సంతకంతో అయిపోయింది. ఇది ఉత్తరం కాదు.

బావగారూ, చెల్లెలికి మూడో నెల. ఇదివరకు రెండుసార్లు నిలవలేదు గదా, ఈ నెల గడిచేదాకా మీకు కూడా తెలియకూడదని దాచింది. మీరు మళ్ళీ ఆశ పెట్టుకుని బాధపడతారని దాని భయం. దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి గోడ గిల్లుకు తిన్నది అదే. అడిగితే ముందు నన్ను తిట్టింది, తరవాత ఏడ్చింది, తరవాత ఇంకో పెచ్చు గిల్లబోయింది. మంత్రసాని లోవమ్మ వచ్చి చూసి అంతా సవ్యంగా ఉందంది. సున్నం మాన్పించి చింతచిగురు పెడుతున్నాం. కడుపుతో ఉన్న మనిషి ఇంటికి గునపం తగలకూడదని మీకు నేను చెప్పక్కర్లేదు.

వేసవికి కాలవలు కట్టేసేలోగా పడవెక్కండి. అరుగు మీద చెల్లెలికి మెత్త వేసి ఉంచాను. నెల దాటగానే అక్కడే కూచోబెడతాను. అచ్చాయమ్మ గారు రోజూ వచ్చి కళ్ళారా చూసుకోవచ్చు.

ఆస్తి సంగతి మీరు బెంగపెట్టుకోనక్కర్లేదు. మీ వారసుడు పుట్టకముందే ముత్తాత మేడని తినడం మొదలెట్టాడు.