క్లచ్ ఆయనది, గేరు నాది

రాజపాళయంలో కాపురముంటున్న, కీ.శే. పి. సుదర్శన రాజా భార్య ఎస్. అఖిలాండం అనే నేను, అరవై ఎనిమిదో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవి ఏవైనా ఉంటే రద్దు. నా బుద్ధి నిలకడగానే ఉంది, కుడిచెయ్యే మాట వినడం లేదు. కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. వచ్చే ఏడాదికి పిడికిలి మూయలేనని డాక్టరు చెప్పాడు. అందుకే ఈ తొందర.

1. ఇల్లు, మంసాపురం దారిలోని కొబ్బరితోట, బ్యాంకులో ఉన్నది కొడుకు నరేన్, కూతురు గాయత్రి సమానంగా పంచుకోవాలి. గొంతులు పెంచకూడదు. కెంపుల గాజులు కోడలికి. ఆమె వాటిని చూసే చూపు నేను చూశాను.

2. నాతో పాటే మా వంటింట్లో ముసలిదైపోయిన వెళ్ళయమ్మాళ్‌కు గ్రైండరు. రోజూ తిట్టుకునే పాతది కాదు, కొత్తది కొనివ్వాలి.

3. మా బావగారు జగన్నాథ రాజాకు, కారు నుంచి పీకి దాచిన పాత ఎడమవైపు అద్దం. కల్యాణమండపం ముందు పదిమందిలో, మేమిద్దరం కలిసి కారు తోలడం చూసి, "కాలు ఒగరిది, చెయ్యి ఒగరిది, ఇది బండా బొమ్మలాట్టమా?" అని నవ్వించినారు ఆయన. మేము ఎంత ముందుకు పోయామో, ఆయన ఎంత వెనకబడ్డారో అందులో చూసుకోవచ్చు.

4. ఇక కారు. నల్ల ఆక్టేవియా ఆర్ఎస్, టర్బో పెట్రోలు, ఐదు గేర్లు. నా భర్త మోజుపడి కొన్నారు. కొన్నేళ్ళకు తెన్‌కాశి రోడ్డులో బైకు మీంచి పడి, భుజంలో నరం తెగి, ఎడమచెయ్యి చచ్చుబడింది. మన బళ్ళలో గేరు వేయాల్సింది ఆ చేత్తోనే. అందరూ ఆటోమేటిక్ కొనుక్కోమన్నారు. నరేన్ కోయంబత్తూరు నుంచి ఒకటి తెచ్చి వాకిట్లో పెట్టాడు కూడా. ఆయన ఒక చుట్టు తిప్పి దిగి, "ఇది మనల్ని కూచోబెట్టుకోని పోతాది రా. నాకు తోలేది కావాల" అన్నారు. మర్నాడు నన్ను ఎడమ సీట్లో కూర్చోబెట్టి, నా కుడిచెయ్యి గేరు రాడ్ మీద పెట్టారు. "నేను క్లచ్ తొక్కుతాను, నువ్వు వెయ్యి."

మొదట్లో గేర్లు కరకరలాడేవి. ఆయన "ఇప్పుడు" అంటే వేసేదాన్ని. తర్వాత అనడం మానేశారు. ఇంజిను గొంతు మారేసరికే ఆయన కాలు దిగేది, నా చెయ్యి కదిలేది. తళవాయిపురం బస్సును దాటడానికి మూడులోంచి రెండుకు దించితే, బండి వీపు మీద ఒక్క తోపు తోసేది. ఆర్యంగావు ఘాట్‌లో మలుపు మలుపుకూ నాకు చిన్నపిల్లలా నవ్వొచ్చేది. వేగం పిచ్చి ఆయనకే అనుకున్నారు అందరూ, నాకే ఎక్కువ. మా సంసారం పెళ్ళయిన కొత్తలోకంటే ఆ కారులోనే బాగుంది. ఈ వాక్యం కొట్టేద్దామన్నాడు లాయరు. ఉంచమన్నాను.

ఆయన పోయాక డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. ఒక్కదాన్నే మంసాపురం దాకా తోలాను. బండి బాగానే పోయింది. క్లచ్ నాదే, గేరూ నాదే. ఇంటికొచ్చి షెడ్డులో ఏడ్చాను. మళ్ళీ తోలలేదు. అప్పుడప్పుడు షెడ్డులోకెళ్ళి ఎడమ సీట్లో కూర్చుని వస్తాను. బండిని ఆడిస్తూ కాపాడుతున్న మెకానిక్ శక్తివేల్‌కు నా భర్త స్పానర్ల పెట్టె ఇవ్వాలి.

5. కారు మీద నరేన్‌కు హక్కు లేదు. కొచ్చిలో ఇలాంటివి సేకరించే ఆసామి ఎవరో ఉన్నాడట, నరేన్ అమ్మితే అద్దాల గదిలో పెడతాడట. నరేన్ మంచివాడే. కానీ వాడికి కారంటే ఊరు చేరడం.

6. కారు గాయత్రికి. "మీరు పొయ్యేది గాక ఇంగొకర్ని గూడా తీసుకోని పోతారు" అని తాళం చెవి లాక్కుని మదురై వెళ్ళిపోయింది తను. మేము డూప్లికేట్ చేయించుకున్నాం. అప్పటి నుంచి తను ఆ కారు ఎక్కలేదు, వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా. గాయత్రీ, నీ భయం న్యాయమైనదే. మాకే మానడం చేతకాలేదు. నువ్వు క్లచ్ నేర్చుకున్నది ఆ బండిలోనే, ఆయన పక్కనే. అమ్ముకోవాలనిపిస్తే అమ్ముకో, గేరు వేయడమంటే ఇష్టమున్నవాళ్ళకే ఇవ్వు.

7. ఈ క్లాజు నేను పోయాక అమలయ్యేది కాదు. "బతికుండేటప్పటి సంగతి ఇందులో చెల్లదమ్మా" అన్నాడు లాయరు హరికృష్ణన్. చెల్లకపోతే పోనీ, రాయి అన్నాను. దీని నకలు ఈ రోజే గాయత్రికి పంపాలి.

అమ్మా గాయత్రీ, ఈ ఆదివారం రా. కుడి సీట్లో కూర్చో. నెమ్మదిగానే పోదాం, ఊరి చివరిదాకా చాలు. నా వేళ్ళు ఇంకా మూసుకుంటున్నాయి. ఎప్పుడు వెయ్యాలో చెప్పొద్దు. నువ్వు క్లచ్ తొక్కు, నాకు తెలుస్తుంది.

పైదంతా చదివించుకుని విని, వేలిముద్ర చాలన్నా ఒప్పుకోక, నా చేత్తోనే సంతకం పెట్టాను.

రాజపాళయం, 14 నవంబరు 2025

(సంతకం) ఎస్. అఖిలాండం

సాక్షులు:
కె. హరికృష్ణన్, అడ్వకేట్
ఆర్. శివరంజని, పక్కింటి ఆమె