పక్క సీటు

ఢిల్లీ కంటోన్మెంట్,
ఆగస్టు 1999

మైథిలి గారికి,

ఈ ఉదయం అన్నయ్య స్పోర్ట్స్ కారు ముందు చక్రం కింద నల్లటి రబ్బరు పొడి కనిపించింది. అన్నయ్య యుద్ధంలో పోయాక ఆ కారును నాన్నగారే అప్పుడప్పుడు బయటికి తీస్తున్నారు. నిన్న అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మలుపు తిరగగానే టైరు బాడీకి గట్టిగా రాసుకుంది.

మెకానిక్ సర్దార్జీ చూసి, "చక్రాలు వెడల్పు, బేటీ. ఒక్కరుంటే ఠీక్ హై. ఇద్దరు కూర్చుంటే బండి కుంగుతుంది. పాత చక్రాలు వేద్దామా, మడ్‌గార్డు అంచు లోపలికి వంచమంటావా?" అన్నాడు.

"మైథిలితో పెళ్ళికని వాడు ముచ్చటపడి వేయించుకున్న చక్రాలు. తీయనివ్వను," అన్నారు నాన్నగారు. ఆ చప్పుడు ఇంకోసారి వినలేనని అమ్మ ఏడ్చింది.

అంచు వంచమని చెప్పాను. పనయ్యాక కారును మీరు తీసుకోవాలని మా కోరిక. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు అడగడానికి నోరు రాలేదు. వద్దంటే అర్థం చేసుకుంటాము.

ఎన్నిసార్లు నడిపినా, ఇలా రాసుకుంటుందని అన్నయ్యకు తెలియదు. అందరికంటే ముందు మీరే కూర్చోవాలని, ఆ పక్క సీట్లో మమ్మల్నెవరినీ ఎక్కనివ్వలేదు.