రాజవ్వ మోచేతిలో పెరిగిన ఎముక

మొఘల్‌పురా, హైదరాబాదు

పూజ్యుడైన అన్నకు తమ్ముడు కిష్టయ్య దండాలు పెట్టి రాసుకునేది. మీరంతా బాగున్నారని తలుస్తాను. వదిన దగ్గు తగ్గిందా? బాపు మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయి? ఇక్కడ మేమూ క్షేమమని రాయడం మామూలు. నిరుడంతా అట్లాగే రాశాను. ఈసారి ఆ మాట రాయడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

ఇక్కడ పదిహేను రోజులుగా వాన వదలడం లేదు. గది కప్పు రెండు చోట్ల కారుతున్నది. కట్టెలు తడిసి ఇల్లంతా పొగ. వంట నేనే చేస్తున్నాను. నా జొన్న రొట్టెలు చూస్తే వదిన పడీపడీ నవ్వుతుంది, ఒక్కటీ గుండ్రంగా రాదు. నీ మరదలు రాజవ్వ మాత్రం నవ్వడం లేదు. పోయిన ఉత్తరంలో ఆమె చెయ్యి కొంచెం బెణికిందని రాశాను. అది అబద్ధం అన్నా.

ఆషాఢంలో నల్లా దగ్గర నిండు బిందెతో జారిపడింది. కుడి మోచేయి కీలు తప్పింది. బార్కస్‌లో ఎముకలు కట్టే మంచి పహిల్వాన్ ఉన్నాడు, తీసుకపొమ్మని పక్కింటి ఖాలా చెప్పింది. మా బాపు ఇరవై ఊళ్లకు చేతులు కట్టినవాడు, మాకు పహిల్వాన్ ఎందుకని గొప్పలు పోయాను. కీలు నేనే ఎక్కించాను, సరిగ్గానే కూర్చుంది. అక్కడితో ఆగితే బాగుండేది. వెచ్చటి నువ్వుల నూనె పెట్టి రెండు పూటలా బాపు పద్ధతిలోనే రుద్దాను, బలవంతంగా వంచాను. ఆమె ఏడిస్తే ఓర్చుకోమన్నాను. రుద్దినకొద్దీ చెయ్యి బిగిసింది. మోచేతి మీది కండలో గట్టి గడ్డ చేతికి తగిలింది. అది కరగాలని ఇంకా గట్టిగా రుద్దాను.

నెల దాటాక భయపడి మా దవాఖానాకు తీసుకపోయాను. నేను పని చేసే గదిలో రోగుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తారని రాశాను కదా. అక్కడి డాక్టరు సాబ్ ఎక్స్‌రే తీయించారు. మోచేతి ముందు, కండ నడుమ, తెల్లగా ఎముక. ఎముక ఉండకూడని చోట ఎముక. రుద్దినావా అని అడిగారు. అవునన్నాను. తరువాత నన్ను సూక్ష్మదర్శిని ముందు కూచోబెట్టి దాని కింద ఒక గాజు పలక పెట్టారు. ఆ పలక మీదిది గుర్రం తన్నిన ఒక జట్కావాలా తొడలోంచి తీసిన ముక్క. దాన్ని తేజాబులో, అదే ఆసిడులో, నానబెట్టి మెత్తబరిచింది నేనే. ఇన్నాళ్లూ కడిగాను, తుడిచాను గానీ ఎన్నడూ కన్ను పెట్టి చూడలేదు. గులాబీ రంగు కండ పోగులు, వాటి నడుమ గుంపులు గుంపులుగా సన్నటి కణాలు, ఆ కణాల మధ్య ఎముక పేళ్లు కనిపించాయి.

"గాయం మాన్పుడు ఈ కణాల పని," అన్నారు డాక్టరు సాబ్. "ఊకె కెలికితె అవి దారి దప్పి ఎముక కడ్తయి. ఎముక మీది పొరకెల్లి రాలినయా, కండల ఉన్నయే గిట్ల మారినయా, మాకు గుడ సమజ్ గాలే. గని రుద్దుడుతోనె పెరిగింది, గది మాత్రం పక్కా."

ఏడాది ఆగితే గానీ కోయడానికి లేదట. పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే మళ్లీ మొలుస్తుందట. కోసినా మునుపటిలా వంగుతుందని మాట ఇవ్వలేనన్నారు. రాజవ్వ కుడి చెయ్యి ఇప్పుడు నోటి దాకా రాదు. లాడ్ బజార్ గాజులకు రాళ్లు అద్దే పని పోయింది. ఖాలా రోజూ వచ్చి జడ వేసి పోతుంది. రాజవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

మన ఊరి గౌరవ్వ బిడ్డ మోచేయి తప్పితే బాపు పది రోజులుగా రెండు పూటలా రుద్దుతున్నాడని నిన్న అందిన నీ ఉత్తరంలో ఉంది. అన్నా, ఇవాళే ఆపించు. చెయ్యి వంచి మెడకు గుడ్డతో కట్టి వదిలెయ్యమను. నూనె వద్దు, గుంజడం వద్దు. రెండు మూడు వారాలు పోయాక ఆ పిల్లే నొప్పి లేనంత మేరకు మెల్లగా ఆడించుకుంటుంది. బాపు ఎక్కించిన కీలులో తప్పుండదు. తప్పు ఆ తరువాతిదే.

ఇంకొక మాట. నీకు పదేళ్లప్పుడు బండి మీంచి పడి మోచేయి తప్పితే బాపు రెండు నెలలు రుద్దాడు. నీ కాళ్లు కదలకుండా పట్టుకున్నది నేను. చెయ్యి కట్టెలా బిగుసుకపోతే, "వీడు ఓర్చుకోలే, గందుకె గిట్లయింది" అని వచ్చినవాళ్లందరితో చెప్పాడు. నీ పెళ్లిలో కూడా చెప్పాడు. మగ్గం నాకిచ్చి నిన్ను గొడ్ల వెంట పంపాడు. నేను ఆ మగ్గాన్నీ వదిలేసి పట్నం వచ్చాను. నువ్వు ఓర్చుకున్నావు అన్నా. ఎంత ఓర్చుకున్నావో పట్టుకున్న నాకు తెలుసు. తప్పు నీది కాదు, ఏనాడూ కాదు.

వచ్చేవాళ్లుంటే వదిన పెట్టిన మామిడి తొక్కు కొంచెం పంపు, రాజవ్వకు నోరు చేదుగా ఉంటోంది. వదినకు, పెద్దలందరికీ మా దండాలు. బాపు కాళ్లకు మొక్కానని చెప్పు. అంతా విన్నాక కూడా ఆయనకు మనసొప్పితే రాజవ్వను దీవించమను.

బాపుకు ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించాలి. నీ చేతి సంగతి వచ్చేసరికి ఆయన ముఖం చూసి దాటేస్తావు, నీ గుణం నాకు తెలుసు. దాటవద్దు. అది వినకుంటే ఆయన ఆ పిల్ల చెయ్యి వదలడు.

నీ తమ్ముడు
కిష్టయ్య