ఏడో నంబరు మంచం

రేపల్లె
2024 ఆగస్టు 6

నాగేశ్వరమ్మ వదినగారికి,

మీ పక్క మంచం దేవకుమారి వందనాలు చెప్పి రాసేది. నా కుడి మోకాలిని మినహాయిస్తే ఇక్కడ అందరం క్షేమం.

గుర్తున్నానా? జూన్‌లో తెనాలి ఆసుపత్రిలో ఒకే రోజు, ఒకే డాక్టరు చేత ఇద్దరం కుడి మోకాలు మార్పించుకున్నాం. మీది ఏడో మంచం, నాది ఎనిమిది. మర్నాడు సాయంత్రం మీరు "వదినగారూ, ఈ మంచానికి తల ఉత్తరం వైపు ఉందండి, నేను పడుకోలేనండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వినాయకుడికి తెచ్చిన ఏనుగు తల కథ కూడా చెప్పారు. "మా దేవుడికి దిక్కుల పట్టింపు లేదులెండి" అని నేను ఏడుకి వచ్చాను, తూర్పు గోడనున్న నా ఎనిమిదికి మీరు వెళ్ళారు. నర్సమ్మలు డ్యూటీ మారే సందులో ఆయాని బతిమాలి ఆ పని కానిచ్చాం. ఆ తర్వాత పది రోజులు ఒకరి కారియర్‌లోది ఒకరం తిన్నాం.

ఇప్పుడు దాచకుండా చెప్పండి, మీకు నొప్పి తగ్గిందా? ఎనిమిది వారాలైంది, నాకు పెరుగుతోంది. సాయంత్రం నాలుగయ్యేసరికి మోకాలు వేడెక్కి ఒళ్ళు కాలుతుంది. మా పిల్లి ఎన్నడూ నా దగ్గరికి రాదు. ఇప్పుడు సరిగ్గా నాలుగింటికి వచ్చి ఆ మోకాలిని ఆనుకుని వెచ్చగా పడుకుంటోంది. రెండుసార్లు రైలెక్కి తెనాలి వెళ్ళాను. డాక్టరు నా కవరులోని కాగితాలు చూసి, "రక్తం బాగుంది, ఎక్స్‌రే బాగుంది, భయం తగ్గించుకోండమ్మా" అన్నాడు. అప్పట్నుంచీ నేను మూలిగితే మావారు బర్నబాస్‌గారు "రిపోర్టు చూశాంగా" అంటున్నారు.

మీ మోకాలికి ఉన్ని గుడ్డతో ఒక తొడుగు కుట్టి పంపుతున్నాను. సూది పని నాకు చిన్నప్పుడే అచ్చిరాలేదు, వంకరలుంటే మన్నించండి.

మీ
దేవకుమారి

తా.క.: మీకు ఫోనులో సరిగా వినపడదనీ, మీవారు పోస్టుమాస్టరుగా చేసి ఉత్తరాన్ని తప్ప దేన్నీ నమ్మరనీ చెప్పారు. అందుకని పిన్‌కోడ్ రెండు చోట్ల రాశాను.


బాపట్ల
ఆగస్టు 13

దేవకుమారి వదినగారికి,

నాగేశ్వరమ్మ నమస్కారాలు. ఉత్తరం, తొడుగు రెండూ అందాయి. మావారు భాస్కరరావుగారు కవరు మీద పిన్‌కోడ్ చూసి, "పద్ధతి తెలిసినావిడ" అని మెచ్చుకుని అప్పుడు నా చేతికిచ్చారు.

చెప్పడానికి నోరు రావడం లేదు గానీ వదినగారూ, నాకు నొప్పి లేదు. గుడికి నడిచే వెళ్తున్నాను. మొన్న ఆదివారం సూర్యలంకలో ఇసుక మీద కూడా నడిచాను. అయినా నాకు ఒంట్లో బాగాలేదట. కాగితం అలా చెబుతోందట.

పోయిన నెల చూపించుకోవడానికి వెళ్తే, ఆసుపత్రి నుంచి పంపేముందు తీసిన నా రక్తం రిపోర్టు చూసి డాక్టరు మొహం చిట్లించాడు. "సాయంత్రాలు జ్వరం వస్తోందా?" అన్నాడు. లేదండి అన్నాను. "మోకాలు వేడెక్కుతోందా?" లేదండి. "దాచకండమ్మా, లోపల చీము పట్టే లక్షణాలున్నాయి" అని పెద్ద పెద్ద బిళ్ళలు రాశాడు. వాటి దెబ్బకి నోరంతా చేదు, అన్నం సయించడం లేదు. రోజూ సాయంత్రం మా కోడలు అనసూయ థర్మామీటరు పెట్టి చూసి, "ఇంకా రాలేదండి అత్తయ్యా" అంటుంది, రావలసిన బస్సు గురించి చెప్పినట్టు. నా పేరు పెట్టుకుని ఇంకెవరో జబ్బు పడుతున్నట్టుగా ఉంది.

మీ దగ్గర ఒక విషయం దాచాను. మంచం మారమని అడిగింది దిక్కు కోసం ఒక్కటే కాదు. మొదటి రోజు సాయంత్రం ఆ ఏడో మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాను. కాళ్ళ దగ్గర పరుపు మెల్లగా కుంగింది, ఎవరో వచ్చి కూర్చున్నట్టు. మావారే అనుకుని "టిఫిన్ చేశారా?" అన్నాను. పలకలేదు. కళ్ళు తెరిస్తే ఎవరూ లేరు, పరుపు మాత్రం దిగే ఉంది. చెబితే మీరు మారరని చెప్పలేదు. తప్పు నాదే.

ఉంటాను,
నాగేశ్వరమ్మ

తా.క.: మీ దగ్గర కూడా కూర్చుందా?


రేపల్లె
ఆగస్టు 19

వదినగారికి వందనాలు.

కూర్చుంది. ఉన్నన్ని రోజులూ, సాయంత్రం పూటే కూర్చుంది. నొప్పి మందు మత్తు అనుకుని ఊరుకున్నాను. ఒకసారి బడిలో పిల్లల్ని అన్నట్టు "జరుగు" అని కూడా అన్నాను.

మీ ఉత్తరంలో నాకు ఒళ్ళు జలదరించింది మాత్రం దానికి కాదు, డాక్టరు మిమ్మల్ని అడిగిన ప్రశ్నలకి. సాయంత్రం జ్వరం నాకు కదా! వేడి నాకు కదా! నన్ను అడగాల్సినవన్నీ మిమ్మల్ని ఎందుకు అడుగుతున్నారు? కవర్లు మారాయేమోనని కళ్ళజోడు పెట్టుకుని ప్రతి కాగితం చూశాను. అన్నిటి మీదా నా పేరే, నా వయసే. మీవి కూడా చూడండి. పడుతున్నది నేను, మందు మింగుతున్నది మీరు. ఇది ఏ లెక్కలోదో నాకు అర్థం కావడం లేదు.

ఇంట్లో నా మాట ఎవరికీ పట్టడం లేదు. బర్నబాస్‌గారు గుంటూరులో మనసు డాక్టరు దగ్గర సెప్టెంబరు పదో తారీఖుకి టోకెను తీసుకున్నారు. ఆ డాక్టరు కూడా ఇది నా ఊహేనని ఒక కాగితం రాసిస్తే ఇక ఈ కాలిని చూసేవాళ్ళుండరు. నాకు చాలా భయంగా ఉంది వదినగారూ. నేను పిచ్చిదాన్ని కాదు.

మీ
దేవకుమారి

తా.క.: మీరు బిళ్ళ మింగే వేళకి నాకేమైనా తగ్గుతుందేమోనని నిన్న కాచుకుని కూర్చున్నాను. తగ్గలేదు. కడుపు పాడవకపోతే రేపు రెండు వేసుకుని చూడండి.


బాపట్ల
ఆగస్టు 27

దేవకుమారిగారికి,

నా కాగితాలన్నిటి మీదా నా పేరే ఉంది. ఆ పేర్లు చూస్తూ మావారు తెనాలి ఎక్స్‌రే తీసి కిటికీకి పట్టి చూశారు. చూసి నన్ను పిలిచారు.

నా మోకాలి కింద సూది ఉంది.

నేను పుట్టి బుద్ధెరిగి సూది పట్టలేదు. చొక్కా గుండీ ఊడితే మావారే కుట్టుకుంటారు. తొడుగు కుట్టింది మీరు. అది నేను వేసుకున్న మర్నాడు సూది నా కాలిలో తేలింది. మంచం మీద కూర్చున్నదాన్ని మీరు జరగమన్నారట, అంటే అది మీతో చనువుగానే ఉందన్నమాట. మీ జబ్బు నా కాగితాల్లోకి ఎలా వచ్చిందో ఇప్పుడు అనసూయకి కూడా అర్థమైంది. ఆ తొడుగుని కర్రతో ఎత్తుకెళ్ళి పెరట్లో జామచెట్టుకి తగిలించింది. గుమ్మానికి నిమ్మకాయలు కట్టాం. సిద్ధాంతిగారు వచ్చి, ఎక్స్‌రేలో సూదినీ చెట్టు మీద తొడుగునీ చూసి ఇది చేతబడేనని అన్నారు.

ఎనిమిదో మంచం తీసుకున్నందుకు నా మీద కోపం ఉంటే మొహం మీద తిట్టండి, పడతాను. మనవరాలు మేఘన పెళ్ళి చూడాల్సిన దాన్ని. ఆ సూది తీసేయండి.

నాగేశ్వరమ్మ

తా.క.: నిన్నటి నుంచి కాలు కుంటుతోంది. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను, అయినా కుంటుతోంది.


రేపల్లె
ఆగస్టు 31

నాగేశ్వరమ్మగారికి,

ముప్పై మూడేళ్ళు ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పాను. చేతబడి మా సిలబస్‌లో లేదు.

మీకు కోపం వచ్చినందుకు నాకేమీ బాధ లేదు. ఏడుపొచ్చింది ఇంకో దానికి. మీరు కుంటితే ఇల్లంతా నమ్మింది. కోడలు కర్ర పట్టుకుంది, నిమ్మకాయలు కట్టారు, సిద్ధాంతి వచ్చాడు. ఇక్కడ నా కుట్టు పక్కన పసుపుపచ్చగా నీరు చెమర్చింది. బర్నబాస్‌గారు చూసి "ఉక్కపోత, చెమట" అన్నారు. నాలుగు అడుగులు వేస్తే లోపల ఏదో కిర్రుమంటోంది. పిల్లి కూడా వాసన చూసి లేచి వెళ్ళిపోయింది. లేని జబ్బుకి మీకు దొరికిన మర్యాదలో సగం ఉన్న జబ్బుకి నాకు దొరికితే చాలు.

ఇక నాకు రాయకండి.

దేవకుమారి

తా.క.: తొడుగు జామచెట్టు మీంచి తీయండి. వానకి పాడైపోతుంది, మంచి గుడ్డ.


బాపట్ల
సెప్టెంబరు 6

వదినగారికి,

రాయవద్దన్నారు, అయినా రాస్తున్నాను. కోపముంటే చదివాకే చింపండి.

ఇక్కడ బాపట్లలోనే మళ్ళీ రక్తం తీయించాం, ఎక్స్‌రే తీయించాం. రక్తం బాగుందట. బిళ్ళలు బ్రహ్మాండంగా పనిచేశాయని ఇక్కడి డాక్టరు సంతోషించాడు. రాని జబ్బు తగ్గినందుకు మావారు వీధిలో అందరికీ మైసూర్‌పాక్ పంచారు. కానీ వదినగారూ, కొత్త ఎక్స్‌రేలో సూది లేదు. పాతదాంట్లో కళ్ళకి కనపడుతున్న సూది ఏమైనట్టు? ఒంట్లో సూది నడుస్తుందట, నడిచి నడిచి గుండెకి చేరుతుందట. వీధి చివర ముసలావిడ చెప్పింది. అప్పట్నుంచీ గుండె మీద చెయ్యేసుకుని కూర్చుంటున్నాను. కుంటడం కూడా మర్చిపోయాను.

ఇందులో మీ తప్పేమీ లేదని నాకిప్పుడు తెలిసింది. ఆ ఎక్స్‌రే జూన్‌ది, మీ తొడుగు ఆగస్టుది. ఈ మాట మావారే చెప్పారు, పోస్టాఫీసు ముద్రలో తేదీ చూసి. మిమ్మల్ని అన్న మాటలకి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నాదొక మాట. ఇద్దరం తెనాలి వెళ్ళి, ఆయాని బతిమాలి, ఒక్క గంటసేపు ఎవరి పాత మంచం మీద వాళ్ళం పడుకుందాం. ఎక్కడ మారిందో అక్కడే మార్చుకుందాం. తల ఉత్తరానికైనా సరే, పడుకుంటాను.

మీ
నాగేశ్వరమ్మ

తా.క.: ఆ పాత ఎక్స్‌రే ఇంట్లో ఉంటే ఎవరికీ ముద్ద దిగడం లేదు. మీకు రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. చూడండి, సూది సగమే ఉంది. మొన ఉన్న సగం. దారం ఎక్కించే సగం లేదు. అది మీ దగ్గరేమైనా ఉందా అని మావారు అడగమంటున్నారు.


తెనాలి
సెప్టెంబరు 25

వదినగారికి వందనాలు.

ఉంది. రెండో సగం నా దగ్గరే ఉంది.

నాకు పదకొండేళ్ళప్పుడు క్రైస్తవ బాలికల హాస్టల్లో బొంతలు కుట్టించేవాళ్ళు. ఒక సాయంత్రం ప్రార్థన గంట కొట్టారు. ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడ్డాను, కింద సూది ఉంది. సగం విరిగి చేతికొచ్చింది, సగం లోపలే ఉండిపోయింది. "ఉండనీ, అన్నం పెట్టమంటుందా" అంది వార్డెనమ్మ. చేతికొచ్చిన సగాన్ని గుండీల డబ్బాలో దాచుకున్నాను, ఈ రోజుకీ ఉంది. ఆపరేషను ముందు డాక్టరుకి కూడా చెప్పాను, దాని జోలికి వెళ్ళనన్నాడు.

మీ ఎక్స్‌రే తొమ్మిదో తారీఖున వచ్చింది. కిటికీకి పట్టగానే నా సూదిని గుర్తుపట్టాను. యాభై అయిదేళ్ళ స్నేహం కదా. పదో తారీఖున గుంటూరు వెళ్ళలేదు, తెనాలి వచ్చాం. ఒక చేత్తో మీ పేరున్న ఎక్స్‌రే, ఇంకో చేత్తో గుండీల డబ్బా పట్టుకుని డాక్టరు ముందు నిలబడ్డాను. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, జూన్ నెల వార్డు పుస్తకం తెప్పించాడు.

జరిగిందేమిటంటే, మనం మంచాలు మారాం గానీ పుస్తకంలో మారలేదు. ఎవరూ లేని సందు చూసి మారాం కదా. రక్తం సీసాలకీ ఎక్స్‌రేలకీ పేర్లు ఆ పుస్తకం చూసే అంటించారు. "ఏడో మంచమేనా?" అంటే నేను చెయ్యి చాపాను, నా రక్తం మీ పేరుతో వెళ్ళింది. "ఎనిమిదేనా?" అంటే మీరు చాపారు. ముప్పై మూడేళ్ళు పిల్లల్ని నంబర్లతో పిలిచి హాజరు వేసినదాన్ని, నన్ను నంబరుతో పిలిస్తే తప్పనిపించలేదు. చీము నాది. నా బిళ్ళలన్నీ మీరు మింగారు. మీ గుండెలో ఏమీ లేదు, చెయ్యి తీసేయండి.

ఆ రోజే చేర్చుకున్నారు. మోకాలు మళ్ళీ తెరిచి, కడిగి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క మార్చారు. ఇంకొన్నాళ్ళు ఆగితే మొత్తం ఊడదీయాల్సి వచ్చేదట. ఇప్పటికీ నొప్పి ఉంది. ఇంకా నెలల తరబడి ఉంటుందట, ముందులా వంగదు కూడానట. కానీ ఇప్పుడు నా నొప్పి నా పేరు మీదే ఉంది వదినా. నిన్న నేను మూలిగితే బర్నబాస్‌గారు దిగ్గున లేచి నర్సమ్మని పిలిచారు. "ఉక్కపోతేమోనండి" అన్నాను. తల దించుకుని నా కాలి వేళ్ళు పట్టుకుని కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆయనకి కూడా.

సూది లోపలే ఉంది. తీస్తానన్నాడు, నేనే వద్దన్నాను.

మీ
దేవకుమారి

తా.క.: మళ్ళీ ఏడో మంచమే ఇచ్చారు. సాయంత్రం కాళ్ళ దగ్గర కుంగితే ఆయాకి చూపించాను. కాళ్ళవైపు ఎత్తే మర అరిగిపోయిందట, బరువుకి దానంతటదే దిగుతుందట. మన భయం ఇంతేనా అని నవ్వుకున్నాను. ఎందుకైనా మంచిదని దిండు తీసి ఆ మర ఉన్న వైపు వేసుకుని, దక్షిణానికి తల పెట్టుకున్నాను. ఆ రోజు మీరూ ఇలా దిండు తిప్పుకుని ఉంటే మంచాలు మారే పనే లేదు కదా, మనిద్దరికీ తట్టలేదు! ఇప్పుడు అరిగిన మర నా తల కింద ఉంది. సాయంత్రం నాలుగింటికి పరుపు మాత్రం కాళ్ళ దగ్గరే కుంగుతోంది. జరగమంటే జరుగుతోంది, పాపం.