మూడు తూటాల అంచులు

జనవరి 4, ఆదివారం

మాజీ సైనికుల సంఘం కార్యదర్శి విఠల్ మా బోధన్ దాకా వచ్చి ఆహ్వానపత్రం ఇచ్చిపోయాడు. పద్దెనిమిదిన నిజామాబాద్‌లో పోశెట్టికి సన్మానం. "సిగ్నల్ తూటాలతో శత్రువులను చీల్చి చెండాడిన వీరుడు" అని అచ్చు వేశారు. ఖర్మ. సిగ్నల్ తూటా ఎవరినీ చీల్చదు. పిస్తోలులో పెట్టి ఆకాశంలోకి కాలిస్తే వెలుగుతుంది, ఆరిపోతుంది. పగలైతే పొగ. దూరంగా ఉన్న మనవాళ్లకు కబురు, అంతే. చెప్తే విఠల్ నవ్వాడు.

"గవన్ని జనానికెందుకే అన్నా. మీరిద్దరు ఒక్క పల్టనోళ్లే గద. ఆయన గురించి నువ్వే రెండు ముక్కలు చెప్పు."

చెప్తాను. రెండు కాదు.

జనవరి 5

అలమారాలో యుద్ధ చరిత్రలు పదిహేడు. ఒక్కదాంట్లోనూ సిగ్నల్ కాల్చినవాడి పేరు లేదు. తప్పు రంగు కాల్చినవాడి పేరు మాత్రం పల్టనంతా నలభై ఏళ్లు గుర్తుపెట్టుకుంటుంది.

జనవరి 8

ప్రసంగం మొదలుపెట్టాను. ఉన్నది ఉన్నట్టు.

తెల్లవారకముందు సైనిక విన్యాసం. ఎరుపు అంటే ఆగండి, ఆకుపచ్చ అంటే ముందుకు కదలండి. చీకట్లో తూటా రంగు కనపడదు, అందుకే అంచు మీద గుర్తు. చుట్టూ గరుకుగా ఉంటే ఎరుపు, సగమే గరుకైతే ఆకుపచ్చ, నున్నగా ఉంటే తెలుపు. అందించేవాడు రంగు పేరు చెప్పాలి, కాల్చేవాడు అంచు తడమాలి. పోశెట్టి అందించాడు. "లాల్" అన్నాడు. నేను కాల్చాను. ఆకుపచ్చ వెలిగింది. ఆగాల్సినవాళ్లు మా మోర్టార్ గుండ్లు పడే చోటికే నడిచారు. ఒకడి కాలు పోయింది.

విచారణలో పోశెట్టి — "నేను లాలే ఇచ్చిన సాబ్." నా భుజం మీది నాయక్ ఫీత పోయింది. అతడు సుబేదారై పింఛను తీసుకుంటున్నాడు, ఇప్పుడు శాలువా కూడా.

జనవరి 11

ప్రసంగం నాలుగు పేజీలు. పోశెట్టి పేరు తొమ్మిది సార్లు.

జనవరి 13

సభలో చూపించడానికి ట్రంకు పెట్టెలోంచి కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు మూడు తీశాను. మూడు రంగులవీ ఉన్నాయి. నా భార్య రాజవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గివెందుకు తీసినవ్ మల్ల?"

చెప్పాను. ఒకటొకటే చేతిలోకి తీసుకుంది. చూపు వీధిలో కూరగాయల బండి మీద. "గిది చుట్టు గరుకు. గిది సగమే. గిది నున్నగున్నది." అంత సేపే. యాభై ఏళ్లు ఆకు చుట్టిన వేళ్లు.

"నువ్ జెప్పు జూద్దాం. కండ్లు మూస్కో."

నున్నది తెలిసింది. మిగతా రెండూ... మూడుసార్లు చెప్పాను. రెండుసార్లు తప్పు.

"ముసలోని ఏళ్లు" అంది, నవ్వుతూ. తర్వాత నవ్వకుండా — "గప్పుడు గూడ నీ చేతులు గిట్లనే ఉండె. పెండ్లినాడు నా చెయ్యి పట్టుకుంటే రంపం లెక్క గీరుకున్నది."

పెళ్లయింది పల్టన్‌కు పోయిన ఏడాదే. అంతకు ముందు ఐదేళ్లు చెరకు నరికాను.

జనవరి 14

వయసుకు ఎవరి వేళ్లయినా మొద్దుబారతాయి. దాంతో ఏదీ తేలదు.

జనవరి 15

మళ్లీ పట్టి చూశాను. రాయను.

జనవరి 16

పోశెట్టి ఫోన్. వాళ్ల ఊరు మోస్రా నుంచి. గొంతు పీలగా ఉంది.

"ఏం రా, బతికే ఉన్నవా?"

"ఉన్న."

"మైకుల నా సంగతంత చెప్తవట గద. విఠల్ జెప్పిండు. చెప్పు. నేను ముంగటనే కూసుంట."

ఫోన్ ఇంకో చెవికి మార్చాను.

"ఒక్కటే ముచ్చట. అంచు తడిమినవా అని గప్పుడు కాల్చే ముందు నిన్నడిగిన. యాదికుందా?"

ఫోన్ పెట్టేశాను.

యాదికుంది. "తడిమిన" అన్నాను. తడిమాను కూడా — అది అబద్ధం కాదు. ఏం తగిలిందో మాత్రం... అతడు లాల్ అన్నాడు, నేను లాల్ అనుకున్నాను.

నేను తడిమానన్న ఈ ఒక్క మాట విచారణలో అతడు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అడగాల్సింది.

జనవరి 17

విఠల్ ఫోన్. "అన్నా, ఐదు నిమిషాలే." విసుగు.

జనవరి 18, ఆదివారం

ప్రసంగంలో తొమ్మిది చోట్లా పేరు కొట్టేశాను. ఆ ఖాళీల్లో ఇంకా ఏమీ రాయలేదు. రాజవ్వ గొట్టాలు చేతిరుమాలులో కట్టి కోటు జేబులో పెట్టింది. ఎనిమిదింటికి బస్సు. పెన్ను కూడా పెట్టుకున్నాను.