కీపర్ ప్యాడ్ల బొంత

గురువారం

ఆయనకు దగ్గు తగ్గింది. కోడలికి జ్వరం దిగింది. గొర్రెలు కూడా బాగానే మేస్తా ఉండాయి. ఆదివారం తలుచుకుంటే నాకే నిద్ర పట్టడం లేదు.

మనవరాలి ఫోన్లో మంచు మీద ఆడే హాకీ చూస్తా ఉంటాను. ఆట నాకు తెలియదు. గోల్ కీపర్ కాళ్లకు కట్టుకునే ఆ లావు ప్యాడ్లే నాకు ముద్దు. ఒకామె ప్యాడ్ల మీద ఎర్ర మెరుపు సగం ఈ కాలికి, సగం ఆ కాలికి ఉంటుంది. కాళ్లు దగ్గరికి చేరిస్తే మెరుపు కలిసిపోతుంది. ఆ ప్యాడ్లు చూసే, వాటి జత బొమ్మ వచ్చేటట్టు పాత చీరలతో బొంత కుట్టినాను.

కంభంలో ఉండే తోడికోడలు అందరిలో నవ్వింది. "నీ మోకాళ్లకు గూడా కట్టించుకో అక్కా!" అంది. ఇప్పుడేమో అదే డిజైన్ తనే కనిపెట్టినానని చెప్పుకుంటా, తనకు కొత్తగా పుట్టిన మనవరాలికి బొంత కుట్టిందంట. ఫోటో చూసినాను. రెండూ ఎడమ కాలి ప్యాడ్లే కుట్టింది. మెరుపు యాడ కలుస్తుంది?

"ఫోన్ చేసి చెప్పవ్వా, విప్పి కుట్టుకుంటుంది" అంది మనవరాలు.

"నోరు మూసుకోవే" అన్నాను.

ఆదివారం ఆ బిడ్డకు పేరు పెట్టేటప్పుడు అందరి ముందర నా బొంత తీసి, ఆమె బొంత పక్కనే పరుస్తాను. చుట్టాల్లో ఆమె ఏడిస్తే ఎట్ల అని భయంగానే ఉంది. ఏడవనీ. ఆ పొద్దున మొదటి బస్సుకే కంభం పోతాండాం.